ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దారిలో విశ్రాంతి రోజు ఎక్కడ? నామ్చే, డింగ్‌బోచే, ఫెరిచే, గోరక్‌షెప్‌ల పోలిక

నేపాల్‌లో ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ట్రెక్ ప్యాకేజీ ఏది తీసుకున్నా అందులో మామూలుగా రెండు విశ్రాంతి రోజులు ఉంటాయి. ఒకటి నామ్చే బజార్‌లో, రెండోది డింగ్‌బోచేలో. సెలవు దొరకకపోయినా, నడక మొదలయ్యే లుక్లాకు విమానం ఒక రోజు ఆలస్యమైనా ముందు కోత పడేది వీటికే. రోజూ పరుగెత్తే అలవాటున్నవాళ్లు, వ్యాయామం చేసి ఒళ్లు గట్టిపరచుకున్నవాళ్లు ఈ కోతకు ముందుగా ఒప్పుకుంటారు. కాళ్లు నొప్పి లేనప్పుడు ఆగడం ఎందుకు అన్నది వాళ్ల వాదన.

ఆ రోజు కాళ్ల కోసం కాదు, ఒళ్లు ఎత్తుకు అలవాటుపడటం కోసం. ఎత్తుకు పోయినకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. బేస్ క్యాంప్ ఉన్న 5,364 మీటర్ల దగ్గర ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో అందే దానిలో దాదాపు సగమే. అది చాలక శరీరం వేగంగా ఊపిరి తీస్తుంది. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, రక్తం క్షారం వైపు మొగ్గుతుంది. అలా మొగ్గగానే మెదడు ఊపిరి వేగాన్ని మళ్లీ తగ్గించబోతుంది. మూత్రపిండాలు ఆ క్షారాన్ని మూత్రంలో బయటికి పంపితేగానీ ఈ చిక్కు వీడదు. ఆ పనికి ఒకటి రెండు రోజులు పడుతుంది. బలమైన కండలున్నా, మారథాన్ పతకాలున్నా మూత్రపిండాలు తొందరపడవు. ఎర్ర రక్తకణాలు పెరగడానికి వారాలు కావాలి కాబట్టి పన్నెండు రోజుల ట్రెక్‌లో దాన్ని లెక్కలోకి తీసుకోనక్కరలేదు.

అందుకే ఎక్కడ ఆగాలో తేల్చుకోవడానికి ఆ రోజు ఎంత దూరం నడిచామన్నది కొలత కాదు, రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటున్నామన్నదే కొలత. పర్వత వైద్యులు చెప్పే సూత్రం ఇది: 3,000 మీటర్లు దాటాక, ఒక రాత్రికీ తర్వాతి రాత్రికీ మధ్య పడక ఎత్తు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఉండాలి. మామూలు ప్యాకేజీని ఈ కొలతతో చూడండి. ఫాక్డింగ్ 2,610, నామ్చే 3,440, మళ్లీ నామ్చే, తెంగ్‌బోచే 3,867, డింగ్‌బోచే 4,410, మళ్లీ డింగ్‌బోచే, లొబుచే 4,940, గోరక్‌షెప్ 5,164. రెండు విశ్రాంతులు ఉన్నా డింగ్‌బోచేకీ లొబుచేకీ ఎక్కే రోజుల్లో 500 గీత కొంచెం దాటుతూనే ఉంది. అంటే ఈ ప్రణాళికలో అదనంగా మిగిలిన రోజంటూ ఏదీ లేదు.

మొదటి రాత్రి: ఫాక్డింగా, మోంజోనా?

హైదరాబాద్ నుంచో విశాఖ నుంచో వచ్చినవాళ్లు 1,400 మీటర్ల ఖాట్మండులో ఒకటి రెండు రాత్రులుండి, అరగంట విమానంలో 2,860 మీటర్ల లుక్లాలో దిగుతారు. అక్కడి నుంచి ఫాక్డింగ్‌కు దారి దిగుడు, మూడు గంటల నడక. ఎక్కువమంది అక్కడే ఆగుతారు. పొద్దున్నే దిగి, ఒంట్లో బాగుంటే ఇంకో రెండు మూడు గంటలు నడిచి, సాగర్‌మాథా జాతీయ ఉద్యానవనం గేటు ఉన్న మోంజోలో, 2,835 మీటర్ల దగ్గర పడుకోవడం నయం. ఫాక్డింగ్ నుంచి నామ్చేకు పడక ఎత్తు ఒక్క రోజులో 830 మీటర్లు పెరుగుతుంది. మోంజో నుంచి 605. పైగా జోర్సలే దాటాక వేలాడే పెద్ద వంతెన తర్వాత వచ్చే నిట్టనిలువు ఎక్కుడు పొద్దుటి చల్లదనంలో పడుతుంది, మధ్యాహ్న భోజనానికల్లా నామ్చే చేరతారు. విమానం మధ్యాహ్నం దాటాక దిగితే మాత్రం ఫాక్డింగ్ చాలు. చీకట్లో నడిచి మోంజో చేరడంలో లాభమేమీ లేదు.

నామ్చే: ఒక విశ్రాంతి రోజు చాలా, రెండు కావాలా?

ఒకటి తప్పనిసరి. ఈ దారిలో దీన్ని మించిన విశ్రాంతి ఊరు లేదు. గిన్నె ఆకారపు కొండవాలు గాలిని కొంత అడ్డుకుంటుంది. ఏటీఎంలు, మందుల షాపులు, బేకరీలు, బూట్లూ చేతి తొడుగులూ దొరికే దుకాణాలు ఉన్నాయి. మరచిపోయిన వస్తువు కొనుక్కోవడానికి ఇదే చివరి మంచి అవకాశం. ఇక్కడికి పైన దాదాపు ప్రతి వస్తువూ మనిషి వీపు మీదో జడల బర్రె వీపు మీదో ఎక్కుతుంది కాబట్టి ధర కూడా ఎక్కుతుంది. శనివారం సంత రోజు వస్తే చూడదగినదే.

ఆ రోజు చేసే నడకలో మూడు రకాలున్నాయి. ఊరి పైనున్న జాతీయ ఉద్యానవనం మ్యూజియం దాకా అరగంట ఎక్కుడు. అక్కడ తేన్జింగ్ నార్గే విగ్రహం ఉంది, ఆకాశం తేటగా ఉంటే ఎవరెస్ట్ కొన కనిపిస్తుంది. రాత్రి తలనొప్పిగా ఉన్నవాళ్లు అక్కడితో ఆగాలి. రెండోది స్యాంగ్‌బోచే మీదుగా 3,880 మీటర్ల ఎవరెస్ట్ వ్యూ హోటల్ దాకా పోయి రావడం. 440 మీటర్లు ఎక్కి అరగంట కూర్చుని దిగడం అన్నమాట, ఎక్కువమందికి సరిపోయేది ఇదే. మూడోది అక్కడి నుంచి ఖుంజుంగ్, ఖుండే ఊళ్లు చుట్టి రావడం. ఎడ్మండ్ హిల్లరీ 1961లో కట్టించిన బడి ఖుంజుంగ్‌లో, 1966లో పెట్టిన ఆసుపత్రి ఖుండేలో ఉన్నాయి. నాలుగైదు గంటల చుట్టు. ఒంట్లో బాగున్నవాళ్లకు చాలా మంచి నడక.

నామ్చేలో రెండో విశ్రాంతి రోజు తీసుకునేకంటే మూడో రాత్రి 3,790 మీటర్ల ఖుంజుంగ్‌లో పడుకోవడం తెలివైన మార్గం. అక్కడి నుంచి పాంగ్‌బోచేకు 195 మీటర్లే పెరుగుదల, ఆ మర్నాడు డింగ్‌బోచేకు 425. అంతదాకా ఎక్కడా 500 గీత దాటరు. దీనికి ఒక షరతు ఉంది. నామ్చేలో రెండో రాత్రి తర్వాత కూడా తలనొప్పి వదలకపోతే ఖుంజుంగ్‌కూ ఎక్కకూడదు, నామ్చేలోనే ఆగాలి.

మధ్య మజిలీ: తెంగ్‌బోచే, దేబూచే, పాంగ్‌బోచే

తెంగ్‌బోచేలో మఠం ఉంది, అమా దబ్లాం శిఖరం ఎదురుగా కనిపిస్తుంది. అయితే గుట్ట మీది ఊరు కాబట్టి గాలి కొడుతుంది, లాడ్జీలు కొద్దే, అక్టోబరులో త్వరగా నిండిపోతాయి. మఠంలో సాయంత్రం ప్రార్థన చూసుకుని ఇరవై నిమిషాలు దిగితే 3,820 మీటర్ల దేబూచే వస్తుంది. చుట్టూ అడవి, గాలి తక్కువ, నిద్ర బాగా పడుతుంది. నామ్చే నుంచి నేరుగా వచ్చేవాళ్లకు నేను చెప్పేది దేబూచేనే. పాంగ్‌బోచే 3,985 మీటర్లు. నామ్చే నుంచి ఒక్క రోజులో అక్కడికి పోతే పెరుగుదల 545. ఖుంజుంగ్‌లో పడుకుని వచ్చినవాళ్లకైతే అదే సరైన చోటు. ఈ మూడింటిలో ఎక్కడా పూర్తి విశ్రాంతి రోజు పెట్టుకోనక్కరలేదు.

డింగ్‌బోచేనా, ఫెరిచేనా?

ట్రెక్ మొత్తంలో అసలు నిర్ణయం ఇది. పాంగ్‌బోచే దాటాక దారి రెండుగా చీలుతుంది. కుడివైపు దారి ఇమ్జా లోయలోని డింగ్‌బోచేకు, ఎడమవైపు దారి ఒక గట్టు దాటి ఫెరిచేకు. రెండు ఊళ్ల మధ్య ఒక గట్టు అడ్డం, దాటడానికి గంటలోపు పడుతుంది. డింగ్‌బోచే 4,410 మీటర్లు. ఫెరిచే ఎత్తు కొన్ని పటాల్లో 4,240, కొన్నింటిలో 4,371. ఏది తీసుకున్నా డింగ్‌బోచే కంటే కాస్త తక్కువే.

ఫెరిచే వైపు బలమైన కారణం ఒక్కటే, చిన్నది మాత్రం కాదు. హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ 1973 నుంచి నడుపుతున్న వైద్య కేంద్రం అక్కడ ఉంది. ట్రెక్కింగ్ సీజన్లలో డాక్టర్లు ఉంటారు, ఆక్సిజన్ ఉంటుంది, కిందికి దించే వీలు లేని రోగిని పెట్టి గాలి ఒత్తిడి పెంచే సంచి ఉంటుంది. సాధారణంగా మధ్యాహ్నం 3 గంటలకు ఎత్తు జబ్బు (ఎత్తుకు ఒళ్లు అలవాటుపడక వచ్చే తలనొప్పి, వాంతులు వంటివి) గురించి అందరికీ వివరిస్తారు. మర్నాడు లొబుచే దారిలోని తుక్లా దాకా దారి లోయ అడుగున దాదాపు చదునుగా సాగుతుంది. ఇక లోటు గాలి. మధ్యాహ్నం అయ్యేసరికి లోయలో ఈదురుగాలి మొదలవుతుంది, ఎండ త్వరగా పోతుంది, విశ్రాంతి రోజంతా భోజనాల గదిలో పొయ్యి వెలిగించేదాకా స్లీపింగ్ బ్యాగ్‌లో ముడుచుకుని కూర్చోవలసి వస్తుంది. ఎత్తు మీద అలా కదలకుండా పడి ఉండటం ఒంటికి మేలు చేయదు.

డింగ్‌బోచేలో ఎండ ఎక్కువసేపు ఉంటుంది, లాడ్జీలూ బేకరీలూ ఎక్కువ, రాతి గోడల మధ్య బంగాళదుంప చేలు. అన్నిటికంటే ముఖ్యం, ఎక్కి దిగడానికి తగిన నడకలు ఊరి అంచునే మొదలవుతాయి. ఊరి వెనక నంగ్కర్‌త్షాంగ్ గుట్ట 5,000 మీటర్లు దాటి పోతుంది. శిఖరం దాకా పోవాలన్న పట్టుదలతో చాలామంది విశ్రాంతి రోజును ట్రెక్‌లోకెల్లా కష్టమైన రోజుగా మార్చుకుంటారు. సాయంత్రానికి తలపోటుతో, తిండి సయించక కూర్చుని డింగ్‌బోచే పడలేదనుకుంటారు. నిజానికి పడనిది ఆ 600 మీటర్ల ఎక్కుడు. 300, మహా అయితే 400 మీటర్లు ఎక్కి, జెండాలున్న మలుపు దగ్గర అరగంట కూర్చుని దిగితే చాలు. రెండో నడక 4,730 మీటర్ల చుఖుంగ్‌కు. 320 మీటర్ల పెరుగుదలను రెండు రెండున్నర గంటల మీద పరిచిన మెల్లని దారి, ఎదురుగా లోట్సే శిఖరం దక్షిణ గోడ. అక్కడ వేడిగా సూప్ తాగి వెనక్కి రావచ్చు. మోకాళ్లు బలహీనంగా ఉన్నవాళ్లకు, యాభై దాటినవాళ్లకు గుట్ట కంటే చుఖుంగే మంచిది.

కాబట్టి పైకి పోయేటప్పుడు డింగ్‌బోచేలో రెండు రాత్రులు, దిగేటప్పుడు ఫెరిచేలో ఒక రాత్రి. ఉబ్బసం, గుండె జబ్బు, ఇంతకుముందు ఎత్తు మీద జబ్బుపడ్డ చరిత్ర ఉన్నవాళ్లు మాత్రం పైకి పోయేటప్పుడే ఫెరిచేలో ఉండటం సబబు. డింగ్‌బోచేలో ఉన్నవాళ్లు కూడా అనుమానం వస్తే గట్టు దాటి డాక్టరుకు చూపించుకోవచ్చు, అయితే నడవగలిగే స్థితిలో ఉండగానే, వెలుతురు ఉండగానే పోవాలి.

లొబుచే, గోరక్‌షెప్

ఇక్కడ విశ్రాంతి రోజు పెట్టుకోకండి. ఈ ఎత్తులో నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంది, ఉలిక్కిపడి లేస్తారు. అది ఒక్కటీ ప్రమాదం కాదు గానీ నిద్ర చెడుతుంది, ఆకలి చస్తుంది, పొడిగాలికి దగ్గు పట్టుకుంటుంది. కోలుకోవడం కంటే నీరసించడమే ఎక్కువ. ఒంట్లో బాగాలేదని గోరక్‌షెప్‌లో ఒక రోజు ఆగి చూద్దామనుకోవడం ఈ దారిలో ప్రాణం మీదికి తెచ్చే నిర్ణయం. బాగాలేకపోతే దిగడమే.

మిగిలిన ఎంపికల్లా రాత్రి ఎక్కడన్నదే. గోరక్‌షెప్‌లో పడుకుంటే మొదటి మధ్యాహ్నం బేస్ క్యాంప్, మర్నాడు తెల్లవారుజామున 5,545 మీటర్ల కాలా పత్థర్ గుట్ట, అదే రోజు ఫెరిచేకు దిగుడు. లొబుచేలోనే రెండు రాత్రులుండి బేస్ క్యాంప్‌కు పోయి రావడం రెండో మార్గం. పడక 220 మీటర్లు కిందుంటుంది, నిద్ర కాస్త నయం, గోరక్‌షెప్ నీటి ఎద్దడి తప్పుతుంది. కానీ ఆ రోజు ఎనిమిది తొమ్మిది గంటల నడక, కాలా పత్థర్ సూర్యోదయం దాదాపు వదులుకోవలసిందే. లొబుచే రాత్రి తలనొప్పి లేకుండా గడిస్తే మొదటిది, కాస్త బరువుగా గడిస్తే రెండోది. లొబుచేలో వాంతులైతే రెండూ వద్దు.

డింగ్‌బోచే నుంచి లొబుచేకు 530 మీటర్ల పెరుగుదలను రెండుగా విరవడానికి 4,620 మీటర్ల తుక్లాలో పడుకోవడం మరో మార్గం. లెక్క ప్రకారం మంచిదే, అయితే అక్కడి లాడ్జీలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. సీజన్‌లో ముందు చెప్పి పెట్టుకోకపోతే చోటు దొరకదు.

ఒక్క రోజు అదనంగా ఉంటే

దాన్ని ముందే ఏ ఊరికీ రాసేయకండి. చేతిలో ఉంచుకుని నామ్చేలో రెండో రాత్రి ఎలా గడిచిందో చూడండి. తల బరువు, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం ఉంటే అక్కడే వాడేయండి. లేకపోతే ఖుంజుంగ్ రాత్రికి వాడండి, లేదా డింగ్‌బోచే దాకా మోసుకుపోయి మూడో రాత్రి ఉండి, ఒక రోజు గుట్ట, ఒక రోజు చుఖుంగ్ చూసుకోండి. నా మొగ్గు డింగ్‌బోచే వైపు. ఎందుకంటే దాని పైనా పెరుగుదల నిటారుగానే ఉంది, అక్కడ తప్పిన లెక్కను పైన సరిదిద్దుకునే చోటు లేదు. ఇలా తేలాలంటే డబ్బు కట్టకముందే ఏజెన్సీని అడిగి రాయించుకోవాలి: రోజు పెరిగితే గైడ్, పోర్టర్ కూలి ఎంత, గది, తిండి ఎవరి ఖర్చు, మిగతా గుంపు ముందుకు పోతే నాతో ఎవరు ఉంటారు. చివరి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పని ఏజెన్సీతో పోవద్దు.

లుక్లా విమానాలు మబ్బు పట్టినా ఆగిపోతాయి. దానికోసం ఒకటి రెండు రోజులు వేరేగా పెట్టుకోండి, వాటిని విశ్రాంతి రోజులతో కలపకండి. విమానం ఆలస్యమైందని డింగ్‌బోచే కొట్టేసేకంటే కాలా పత్థర్ కొట్టేయడం మంచిది.

ఆ రోజు గడపాల్సిన తీరు

పొద్దున్న ఎక్కి, భోజనం వేళకు దిగిపోవాలి. మాట్లాడుతూ నడవగలిగినంత వేగం చాలు. మధ్యాహ్నం గంటలకొద్దీ నిద్ర వద్దు. నిద్రలో ఊపిరి నెమ్మదిస్తుంది, రక్తంలో ఆక్సిజన్ ఇంకా పడిపోతుంది, లేచేసరికి తలపోటు. రోజుకు మూడు నాలుగు లీటర్ల ద్రవాలు, అందులో టీ, సూప్ కూడా లెక్కే. ఒక లీటరులో ఓఆర్‌ఎస్ కలుపుకుంటే మేలు. నీళ్లు మరీ ఎక్కువ తాగినా రక్తంలో ఉప్పు పలచబడుతుంది కాబట్టి మూత్రం లేతరంగులో ఉంటే చాలు, అంతకు మించి బలవంతం వద్దు. మద్యం, నిద్రమాత్రలు రెండూ ఊపిరిని అణుస్తాయి, ముట్టకండి. తిండికి దాల్ భాత్ మించింది లేదు, అడిగితే మళ్లీ వడ్డిస్తారు. ఆకలి చచ్చిన నోటికి కందిపొడో కరివేపాకు పొడో ఒక చిన్న పొట్లం చాలా సాయం చేస్తుంది. మాంసం కింది నుంచి రోజుల తరబడి మోసుకొచ్చింది కాబట్టి నామ్చే పైన మానేయండి.

ఆక్సిమీటర్ అంకెను పక్కవాడి అంకెతో పోల్చకండి. చల్లని వేలు మీద అది తప్పు చూపిస్తుంది. చేతులు వెచ్చచేసుకుని, కూర్చున్న ఐదు నిమిషాలకు చూసి, మీ నిన్నటి అంకెతో మాత్రమే పోల్చుకోండి.

ఎత్తు జబ్బు రాకుండా వాడే డయమాక్స్ (ఎసిటజోలమైడ్) మాత్ర పైన చెప్పిన మూత్రపిండాల పనినే వేగిరపరుస్తుంది. నివారణకు మామూలు మోతాదు 125 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, ఎత్తుకు బయల్దేరే ముందు రోజు నుంచి. మన దగ్గర దొరికే మాత్ర సాధారణంగా 250, అంటే సగం వేసుకోవాలి. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువ వస్తుంది. సల్ఫా మందులు పడనివాళ్లు, మూత్రపిండాల జబ్బున్నవాళ్లు డాక్టరును అడగకుండా వాడకూడదు. ఇది విశ్రాంతి రోజుకు తోడే గానీ దాని చోటు తీసుకోదు.

విశ్రాంతి తర్వాత తెల్లారి లేచాక తలనొప్పి ఉంటే ఆ రోజు ఎక్కవద్దు. నొప్పి మాత్రతో తగ్గినా, మాత్ర ప్రభావం పోయాక కూడా తల తేలిగ్గా ఉంటేనే కదలండి. తలనొప్పితో పాటు వాంతులు, పెరుగుతున్న నీరసం ఉంటే దిగండి. ఒక కాలి మడమను రెండో కాలి వేళ్లకు ఆనిస్తూ గీత మీద నడవలేక తూలితే, మాట తడబడితే మెదడు వాస్తున్నట్టు. కూర్చున్నా ఆయాసం, నురుగు దగ్గు ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నట్టు. ఈ రెండింటికీ తెల్లవారేదాకా ఆగకూడదు. రాత్రయినా తోడుతో వెంటనే దిగాలి. కనీసం 300 మీటర్లు, వీలైతే 1,000.

బేస్ క్యాంప్ బదులు గోక్యో సరస్సుల వైపు పోయేవాళ్లకు ఈ లెక్క ఇంకా బిగువు. ఆ లోయలో తక్కువ దూరంలోనే ఎత్తు పెరిగిపోతుంది, నడక మూడు నాలుగు గంటలే కావడంతో ఇంకో ఊరు పోదామనిపిస్తుంది. నామ్చేలో రెండు రాత్రుల తర్వాత 3,680 మీటర్ల ఫోర్త్సే తెంగాలో ఒక రాత్రి, తర్వాత డోలే, తర్వాత 4,470 మీటర్ల మచ్చెర్మోలో రెండు రాత్రులు, ఆ తర్వాతే గోక్యో.

దిగేటప్పుడు విశ్రాంతి రోజు అక్కరలేదు. గోరక్‌షెప్ నుంచి ఫెరిచే, ఫెరిచే నుంచి నామ్చే, నామ్చే నుంచి లుక్లా, మూడు రోజులు చాలు. ఊపిరి బాగుపడుతుంది, దెబ్బ తినేది మోకాళ్లు. నామ్చే దిగుడుకు రెండు కర్రలూ పొడవు పెంచి పట్టుకోండి. లుక్లా విమానాలు పొద్దున్నే ఎగురుతాయి కాబట్టి ముందు రోజు సాయంత్రానికి అక్కడికి చేరి, టికెట్ ఖాయం చేసుకుని పడుకోండి.